లక్ష్మణ్ పరుగులు ఎందుకు తగ్గాయి? సగటును చదివే పద్ధతి

6.1 పరిచయం

గత భాగంలో మీరు అంకమధ్యమం, మధ్యగతం, ప్రామాణిక విచలనం లెక్కించడం నేర్చుకున్నారు. లెక్క కట్టడం ఒక పని. వచ్చిన అంకెను చూసి ఒక మనిషి గురించి నిర్ణయం చెప్పడం వేరే పని. ఈ భాగంలో రెండో పని గురించి తెలుసుకుందాం. ఇందుకు ఉదాహరణగా మీకందరికీ తెలిసిన క్రీడాకారుణ్ణి తీసుకుంటున్నాను. ఆయన హైదరాబాదుకు చెందిన వి.వి.ఎస్. లక్ష్మణ్.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఈ కోర్సు చదువుతున్న మీలో కొందరు వారమంతా ఏదో ఒక ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ, ఆదివారం ఊరి జట్టుకు ఆడేవారై ఉంటారు. మరికొందరు జట్టును ఎంపిక చేసే పెద్దలో, వ్యాయామ ఉపాధ్యాయులో అయి ఉంటారు. "వాడి పని అయిపోయింది, ఈసారి పక్కన పెట్టండి" అనే మాట మీరు వినే ఉంటారు. ఆ మాట అనడానికి ఎన్ని ఆటల ఆధారం కావాలి? మూడు ఆటలు చాలా, పదా, ముప్పయ్యా? ఈ ప్రశ్నకు సమాధానం తెలియకుండానే మనం రోజూ తీర్పులు చెబుతుంటాం. ఆ తీర్పు వల్ల ఒకరి స్థానం పోతుంది.

6.2 జరిగినదేమిటి?

లక్ష్మణ్ 1974 నవంబరు 1న పుట్టాడు. 1996 నుంచి 2012 వరకు 134 టెస్టులు ఆడి 8,781 పరుగులు చేశాడు. సగటు 45.97. శతకాలు 17. 2001 మార్చిలో కోల్‌కతాలో ఫాలోఆన్ ఆడుతున్న జట్టు తరఫున ఆస్ట్రేలియా మీద చేసిన 281 పరుగుల గురించి వేరే చెప్పనక్కరలేదు. రాహుల్ ద్రావిడ్‌తో కలిసి ఆ ఇన్నింగ్స్‌లో 376 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పాడు. ఆ టెస్టును భారత్ గెలిచింది.

2010లో ఆయన ఆట మరింత పైస్థాయికి వెళ్ళింది. ఆ ఏడాది 939 పరుగులు, సగటు 67. అక్టోబరులో మొహాలీలో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టులో నడుం నొప్పితో ఆడి 73 పరుగులతో అజేయంగా నిలిచాడు. ఇశాంత్ శర్మతో కలిసి తొమ్మిదో వికెట్‌కు 81 పరుగులు జోడించాడు. జట్టు ఒక్క వికెట్ తేడాతో బయటపడింది. డిసెంబరులో డర్బన్‌లో దక్షిణాఫ్రికా మీద చేసిన 96 కూడా జట్టును గెలిపించిన ఇన్నింగ్సే.

ఆ తర్వాత ఇంగ్లండులో 2011 జులై, ఆగస్టు నెలల్లో ఆడిన నాలుగు టెస్టుల్లో లక్ష్మణ్ స్కోర్లు ఇవి: 10, 56, 54, 4, 30, 2, 2, 24. మొత్తం 182, సగటు 22.75. ఆ ఏడాది చివర మొదలైన ఆస్ట్రేలియా పర్యటనలో: 2, 1, 2, 66, 31, 0, 18, 35. మొత్తం 155, సగటు 19.38. రెండు సిరీస్‌లనూ భారత్ 0–4తో కోల్పోయింది. 2012 ఆగస్టు 18న లక్ష్మణ్ రిటైర్మెంటు ప్రకటించాడు. అప్పటికే న్యూజిలాండుతో సిరీస్‌కు ఎంపికైన జట్టులో ఆయన పేరుంది. సొంత ఊరు హైదరాబాదులో ఉప్పల్ మైదానంలో మొదటి టెస్టు 23న మొదలుకావలసి ఉంది. అది ఆడకుండానే వెళ్ళిపోయాడు.

67 సగటు నుంచి 20కి, అదీ ఏడాదిలోపు. "వయసు మీదపడింది, చూపు మందగించింది" అని అప్పుడు చాలామంది తేల్చేశారు. మీరూ అదే అని ఉంటారు. ఈ వివరణ తప్పని నేను ముందే చెప్పడం లేదు. కానీ ఈ రెండు సిరీస్‌ల మధ్య మరొకటి ఉంది. 2011 నవంబరులో వెస్టిండీస్ మన దేశానికి వచ్చింది. ఆ మూడు టెస్టుల్లో లక్ష్మణ్ స్కోర్లు 1, 58 నాటౌట్, 176 నాటౌట్, 32, 31. మొత్తం 298, సగటు 99.33. కోల్‌కతాలో 176 చేసిన ఆరు వారాలకే మెల్‌బోర్న్‌లో 2, 1. ఆరు వారాల్లో ఎవరి చూపూ అంతగా మందగించదు.

6.3 ఎనిమిది ఇన్నింగ్స్‌లు ఎంత చెప్పగలవు?

ముందుగా ఒక చిన్న విషయం. బ్యాటింగ్ సగటును ఇన్నింగ్స్‌ల సంఖ్యతో భాగించం, ఔటైన సార్ల సంఖ్యతో భాగిస్తాం. పైన వెస్టిండీస్ సిరీస్‌లో ఇన్నింగ్స్‌లు అయిదు, ఔటైంది మూడుసార్లే. 298ని మూడుతో భాగిస్తే 99.33. మూడు సంఘటనల మీద నిలబడిన అంకె అది. దాన్ని చూసి మురిసిపోవడానికీ పెద్ద ఆధారం లేదు.

ఇప్పుడు ఆస్ట్రేలియా స్కోర్లను ఆరోహణ క్రమంలో రాయండి: 0, 1, 2, 2, 18, 31, 35, 66. మధ్యగతం 10. అంకమధ్యమం 19.38. గత భాగంలోని సూత్రం ప్రకారం ప్రామాణిక విచలనం సుమారు 22 వస్తుంది. సగటు కంటే విచలనమే ఎక్కువ. విద్యార్థులు ఇక్కడ లెక్క తప్పిందనుకుని మళ్ళీ మొదటి నుంచి చేస్తుంటారు. లెక్క తప్పలేదు. బ్యాట్స్‌మన్ స్కోర్ల స్వభావమే అంత. చిన్న స్కోర్లు చాలా ఉంటాయి, పెద్దవి కొన్నే ఉంటాయి, ఆ కొన్నే సగటును మోస్తాయి. ఎంత గొప్ప బ్యాట్స్‌మన్ అయినా, ఇన్నింగ్స్‌ల ప్రామాణిక విచలనం అతని సగటుకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది.

లక్ష్మణ్ సగటు 46, విచలనం కూడా దాదాపు అంతే అనుకుందాం. ఎనిమిది ఇన్నింగ్స్‌ల సగటుకు ప్రామాణిక దోషం 46ను 8 వర్గమూలంతో భాగిస్తే వస్తుంది, అంటే సుమారు 16. రెండు ప్రామాణిక దోషాల మేర అటూ ఇటూ చూస్తే, అదే మనిషి అదే నైపుణ్యంతో ఆడినా ఎనిమిది ఇన్నింగ్స్‌ల సగటు 13 నుంచి 79 దాకా ఎక్కడైనా పడవచ్చు. ఇంగ్లండులో వచ్చిన 22.75, ఆస్ట్రేలియాలో వచ్చిన 19.38 రెండూ ఈ హద్దుల లోపలే ఉన్నాయి.

ఇది కాగితం మీది వాదనలా అనిపిస్తే, లక్ష్మణ్ మొదటి ఆస్ట్రేలియా పర్యటన చూడండి. 1999–2000లో అక్కడ ఆయన స్కోర్లు వరుసగా 41, 0, 5, 1, 7. అయిదు ఇన్నింగ్స్‌లలో 54 పరుగులు, సగటు 10.8. అప్పటికి వయసు 25. ఆ సిరీస్‌లో మిగిలింది ఒక్క ఇన్నింగ్స్. సిడ్నీలో జరిగిన ఆ చివరి ఇన్నింగ్స్‌లో చేసినవి 167. సిరీస్ సగటు 10.8 నుంచి ఒక్కసారిగా 36.83కు వెళ్ళింది. ఆ ఆరో ఇన్నింగ్స్ ఆడే అవకాశం రాకపోయి ఉంటే, మనం ఈ రోజు ఆయన పేరు తలచుకునేవాళ్ళమా అని నాకు ఎప్పుడూ అనుమానమే. అదే సీజన్‌లో హైదరాబాదు తరఫున రంజీ ట్రోఫీలో 1,415 పరుగులు చేశాడు. ఒక సీజన్‌లో అన్ని పరుగులు అంతకుముందు ఎవరూ చేయలేదు.

ఆస్ట్రేలియాలో నాలుగు పర్యటనల సగటులు కలిపి చూస్తే 36.83, 82.33, 45.75, 19.38. మొత్తం మీద 44.14. ఆయన జీవిత సగటుకు ఇది చాలా దగ్గర. ఒక్కొక్క పర్యటనను విడిగా చూసినప్పుడు ఎక్కిన కొండ, దిగిన లోయ కనిపిస్తాయి. కలిపి చూసినప్పుడు అవి చాలావరకు చదునవుతాయి.

"రెండు చెడ్డ సిరీస్‌లనూ కలిపితే?" అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. పదహారు ఇన్నింగ్స్‌లలో 337 పరుగులు, సగటు 21.06. పదహారింటికి ప్రామాణిక దోషం 11.5. 46 నుంచి రెండింతలు, అంటే 23 తీసేస్తే మిగిలేది 23. మన 21.06 ఆ గీతను కొద్దిగా దాటి కిందకు పోయింది. కాబట్టి ఇక్కడ ఏదో ఉంది అనడానికి కొంత ఆధారం దొరికింది. అయితే ఈ రెండు సిరీస్‌లనే ఎందుకు కలిపాం? అవి చెడ్డవని ముందే చూశాం కాబట్టి. మధ్యలో ఉన్న మంచి సిరీస్‌ను వదిలేశాం. మూడింటినీ కలిపితే 11 టెస్టులు, 635 పరుగులు, 19 సార్లు ఔట్, సగటు 33.42. ఇది హద్దుల లోపలే పడుతుంది. గోడ మీద రాయి విసిరి, అది తగిలిన చోట గుండ్రంగా సున్నా గీసి, గురి కుదిరిందనడం లాంటిదే ఫలితం చూసిన తర్వాత అంకెలను ఏరుకోవడం. సాంఖ్యక శాస్త్రం తెలిసినవారు కూడా ఈ పొరపాటు విరివిగా చేస్తారు.

6.4 శిఖరం నుంచి కిందికి

67 నుంచి 20కి పడిపోయాడని అన్నాం. కానీ 67 ఆయన అసలు స్థాయి కాదు, అది శిఖరం. ఒక ఏడాది అసాధారణంగా బాగా ఆడిన వ్యక్తి మరుసటి ఏడాది తన మామూలు సగటు వైపు తిరిగి రావడమే ఎక్కువ సందర్భాల్లో జరుగుతుంది. దీన్నే ప్రతిగమనం అంటారు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల ఎత్తులనూ పిల్లల ఎత్తులనూ పోల్చి, చాలా పొడవైనవారి పిల్లలు సగటున వారికంటే కాస్త తక్కువ ఎత్తు ఉంటారని చూపించాడు. మీ పాఠ్యాంశంలో తర్వాత వచ్చే ప్రతిగమన రేఖకు ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. కాబట్టి లక్ష్మణ్ విషయంలో మనం వివరించవలసిన తగ్గుదల 67 నుంచి కాదు, 46 నుంచి. పజిల్ సగానికి సగం చిన్నదయింది.

6.5 జూరాలలో నీళ్ళు తగ్గితే

గద్వాల వైపు వారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ఒక ఏడాది జూరాలకు నీళ్ళు తక్కువ వస్తే తప్పు జూరాల ఆనకట్టది కాదు. ఎగువన మహారాష్ట్ర, కర్ణాటకల్లో వానలెలా పడ్డాయి, ఆలమట్టి, నారాయణపూర్ నుంచి ఎప్పుడు ఎంత వదిలారు అని చూడాలి. బ్యాట్స్‌మన్ పరుగులూ అంతే. ఎదుటి బౌలర్లు ఎవరు, పిచ్ ఎలాంటిది, మిగతా జట్టు ఎలా ఆడింది అనేవి చూడకుండా ఒక్కడి అంకెను పట్టుకోకూడదు.

ఇంగ్లండులో స్టువర్ట్ బ్రాడ్ 25 వికెట్లు, జేమ్స్ ఆండర్సన్ 21 వికెట్లు తీశారు. ఆస్ట్రేలియాలో బెన్ హిల్ఫెన్‌హాస్ 27, పీటర్ సిడిల్ 23. మన జట్టులో దాదాపు అందరూ కుప్పకూలారు. ఆస్ట్రేలియాలో వీరేందర్ సెహ్వాగ్ సగటు 24.75, ద్రావిడ్ 24.25. అందరికంటే ఎక్కువ పరుగులు చేసిన విరాట్ కోహ్లీకి కూడా వచ్చినవి 300 పరుగులు, 37.5 సగటు. అందరికీ ఉమ్మడిగా ఒక కారణం ఉన్నప్పుడు ఒక్కరికి మాత్రం ప్రత్యేక కారణం వెతకడం న్యాయం కాదు.

ఇక్కడ ద్రావిడ్ సంగతి మరికొంచెం చూడాలి. ఆయన లక్ష్మణ్ కంటే దాదాపు రెండేళ్ళు పెద్ద. లక్ష్మణ్ విఫలమైన ఇంగ్లండు సిరీస్‌లోనే ద్రావిడ్ మూడు శతకాలతో 461 పరుగులు చేశాడు. వయసే కారణమైతే ముందు పడిపోవలసింది ద్రావిడ్. ఆరు నెలలు తిరక్కుండా ఆస్ట్రేలియాలో ఆయనా 194 పరుగుల దగ్గర ఆగాడు, 2012 మార్చిలో రిటైరయ్యాడు. 2011 ఆగస్టులో "ఈయనకు వయసే లేదు" అన్నవారే జనవరిలో "వయసైపోయింది" అన్నారు.

6.6 ఒక్క బంతి తేడా

ఇంతవరకు చదివి, "అయితే లక్ష్మణ్ ఆట అసలు తగ్గనే లేదంటారా?" అని మీరు అడిగితే, కొంత తగ్గింది అనే నా అభిప్రాయం. కానీ ఆ కొంత ఎంత? ఈ పాఠంలో అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసిన భాగం ఇది.

టెస్టుల్లో లక్ష్మణ్ నూరు బంతులకు సుమారు 49 పరుగులు చేసేవాడు. ఔటయ్యేలోపు సగటున 46 పరుగులు. అంటే ఒకసారి ఔట్ కావడానికి సుమారు 93 బంతులు పట్టేవి. ఇంకోరకంగా చెప్పాలంటే, 93 బంతుల్లో 92 సరిగా ఆడి, ఒక్కదాని దగ్గర ప్రాణం పోయే తప్పు చేసేవాడు. ఇప్పుడు ఆ తప్పులు ఒకటి బదులు రెండు అయ్యాయనుకోండి. 93 బంతుల్లో 91 సరిగా ఆడుతున్నాడు. సుమారు 47 బంతులకోసారి ఔట్. పరుగుల వేగం మారకపోతే సగటు 23. సరిగ్గా సగం.

శాతాల్లో చూడండి. సరైన బంతుల వాటా దాదాపు 98.9 శాతం నుంచి 97.8 శాతానికి తగ్గింది. నైపుణ్యంలో నూటికి ఒకటి తేడా, ఫలితంలో నూటికి యాభై తేడా. పదిహేను ఓవర్లకు పైగా సాగే ఆటలో అదనంగా వచ్చిన ఆ ఒక్క తప్పును గ్యాలరీలో కూర్చున్నవారు గుర్తించలేరు, పక్కనున్న బ్యాట్స్‌మనూ గుర్తించలేడు. చాలాసార్లు ఆడుతున్నవాడికే తెలియదు. నెట్స్‌లో అన్నీ బాగానే తగులుతుంటాయి. అందుకే గొప్ప ఆటగాడి పతనం అందరికీ మిస్టరీలా తోస్తుంది. పెద్ద ఫలితానికి పెద్ద కారణం ఉండి తీరాలని మన మనసు వెతుకుతుంది. ఇక్కడ కారణం చాలా చిన్నది కావచ్చు.

ప్రతి బంతికీ ఔటయ్యే అవకాశం సమానమనే ఊహ మీద ఈ లెక్క నడిచింది. నిజానికి ఇన్నింగ్స్ మొదట్లో ప్రమాదం ఎక్కువ, కుదురుకున్నాక తక్కువ. అయినా లెక్క దారి మారదు.

ఆ ఒక్క శాతం ఎక్కడ పోయి ఉంటుంది? గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బౌలర్ చేయి వదిలాక సుమారు అర సెకనులో బ్యాట్స్‌మన్‌ను చేరుతుంది. మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లియోడ్ అనే శాస్త్రవేత్తలు 2000లో బ్యాట్స్‌మెన్ తలకు కెమెరా అమర్చి వారి చూపును గమనించారు. బ్యాట్స్‌మన్ బంతిని చివరిదాకా చూస్తూ ఉండడు. చేయి వదిలినప్పుడు ఒక క్షణం చూసి, బంతి నేలను తాకబోయే చోటికి చూపును ముందే తీసుకుపోయి అక్కడ ఎదురుచూస్తాడు. మంచి బ్యాట్స్‌మన్ ఈ పని త్వరగా చేస్తాడు. కాబట్టి బ్యాటింగ్‌లో కంటి చూపు కంటే అంచనాదే పెద్ద పాత్ర. (వారు పరిశీలించింది ముగ్గురు బ్యాట్స్‌మెన్‌నే. నమూనా పరిమాణం గురించి పైన నేర్చుకున్నది ఇక్కడ కూడా గుర్తుంచుకోండి.)

లక్ష్మణ్ పాదాలు పెద్దగా కదిపే ఆటగాడు కాడు. క్రీజులో నిలబడి, బంతి దగ్గరకు వచ్చేదాకా ఆగి, మణికట్టుతో దారి మళ్ళించేవాడు. అలాంటి ఆటకు బంతి చేరే ఆ చివరి క్షణమే ఆధారం. కోల్‌కతాలో వెస్టిండీస్ బౌలింగ్ మీద ఆ క్షణం మిగిలే ఉంది. బంతి వేగంగా లేచే మెల్‌బోర్న్, పెర్త్ పిచ్‌ల మీద మంచి బౌలర్లు దాన్ని మిగల్చలేదు. చిన్న మందగమనం ఒకచోట ఏమీ ఖరీదు చేయదు, మరోచోట వికెట్ ఖరీదు చేస్తుంది. 176 తర్వాత 2, 1 రావడానికి నాకు సబబుగా తోచే వివరణ ఇదే. ఇది నా తీర్పు మాత్రమే, అంకెలు దీన్ని నిరూపించలేవు.

6.7 లేచినవారు, లేవనివారు

అమెరికాలో ఆడే బేస్‌బాల్‌లోనూ ఇదే కథ ఉంది. అక్కడ హిట్టర్ సగటు అంటే కొట్టే అవకాశాల్లో ఎన్నిసార్లు హిట్ సాధించాడనే నిష్పత్తి. బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టు ఆటగాడు క్రిస్ డేవిస్ 2013లో 53 హోమ్‌రన్లు కొట్టాడు. ఆ ఏడాది సగటు 0.286. 2018లో అది 0.168కి పడింది. నూటికి 29 హిట్ల నుంచి 17కి. ఆ సీజన్ చివర్లో మొదలై 2019 ఏప్రిల్ దాకా వరుసగా 54 అవకాశాల్లో ఒక్క హిట్ కూడా రాలేదు. అది ఆ ఆటలో రికార్డు. ఆయన మళ్ళీ కోలుకోలేదు, 2021లో రిటైరయ్యాడు. ఇక్కడ నమూనా చిన్నది కాదు, ఒక్కో సీజన్‌లో కొన్ని వందల అవకాశాలు. ఇంత ఆధారం ఉన్నప్పుడు క్షీణత నిజమేనని ఒప్పుకోవాలి.

దీనికి వ్యతిరేక ఉదాహరణ కోహ్లీ. 2014లో ఇంగ్లండులో అయిదు టెస్టుల్లో, పది ఇన్నింగ్స్‌లలో 134 పరుగులు, సగటు 13.4. లక్ష్మణ్ చివరి పర్యటన కంటే ఘోరం. 2018లో అదే దేశంలో, అదే ఆండర్సన్ మీద 593 పరుగులు, సగటు 59.3. తేడా ఎక్కడుంది? 2014లో కోహ్లీ వయసు 25. అతనికి మరో నాలుగేళ్ళ అవకాశం ఇచ్చారు. 37 ఏళ్ళ ఆటగాడికి అంత సమయం ఎవరూ ఇవ్వరు, అతనూ అడగడు.

దీని నుంచి ఒక సంగతి గమనించండి. పెద్ద ఆటగాళ్ళలో ఎక్కువమంది చివరి సిరీస్ చెడ్డగానే ఎందుకు ఉంటుంది? చెడ్డ సిరీస్ తర్వాతే మనం ఆట ఆపిస్తాం కాబట్టి. మంచి సిరీస్ వచ్చి ఉంటే అది చివరిది అయ్యేది కాదు. పరిశీలన ఎక్కడ ఆగాలో అంకెలే నిర్ణయించినప్పుడు, ఆ చివరి అంకెలు ఆటగాడి అసలు స్థాయిని ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయి. లక్ష్మణ్ ఉప్పల్‌లో ఆడి ఉంటే ఎన్ని చేసేవాడన్నది ఏ లెక్కకూ అందదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఇంగ్లండు సిరీస్‌లోని ఎనిమిది స్కోర్లకు మధ్యగతం, ప్రామాణిక విచలనం లెక్కించండి. (మధ్యగతం 17 రావాలి.) ఆస్ట్రేలియా సిరీస్ విలువలతో పోల్చండి. సగటులు దగ్గరగా ఉన్నా స్కోర్ల అమరికలో ఏ తేడా ఉంది?

2. 2001లో ఆస్ట్రేలియా మీద లక్ష్మణ్ స్కోర్లు 20, 12, 59, 281, 65, 66. సగటు కట్టండి. 281 తీసేసి మళ్ళీ కట్టండి. ఈ రెండింటిలో ఏది ఆయన ఆటకు సరైన ప్రతినిధి? రెండు వైపులా వాదిస్తూ పదేసి వాక్యాలు రాయండి.

3. సగటు 30 ఉన్న బ్యాట్స్‌మన్ నూరు బంతులకు 60 పరుగులు చేస్తాడు. ఎన్ని బంతులకోసారి ఔటవుతున్నాడు? అదే వ్యవధిలో ఇంకొక్క తప్పు చేర్చితే సగటు ఎంతకు పడుతుంది?

4. మీ ఊరి జట్టు స్కోరు పుస్తకం తీసుకోండి. "ఫామ్ పోయింది" అని అందరూ అంటున్న ఒక ఆటగాణ్ణి ఎంచుకోండి. పేరు రాయవద్దు, 'క' అనండి. పుస్తకం తెరవకముందే ఒక కాగితం మీద ఇది రాసి పెట్టండి: ఎన్ని ఇన్నింగ్స్‌లు తీసుకుంటారు, సగటు ఎంతకంటే తగ్గితే నిజంగా తగ్గినట్టు ఒప్పుకుంటారు. ఆ తర్వాత అంకెలు చూడండి. ఎదుటి జట్లు, మైదానాలు కూడా పక్కన రాయండి. ఆ కాగితాన్ని మార్చకుండా అభ్యాస పుస్తకానికి జతచేసి సంపర్క తరగతికి తీసుకురండి.